కారణం తెలియని ఛాతీ నొప్పి: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి బయలుదేరాలి

ఛాతీలో నొప్పి అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ‘గ్యాసా, గుండెనా?’ అన్నది. ఆ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరకదు. ఈసీజీ యంత్రం, రక్తపరీక్ష రెండూ అందుబాటులో ఉన్న వైద్యుడే కొన్నిసార్లు గంటల తరబడి గమనించి గానీ తేల్చలేరు. ఇంట్లో మనం తేల్చుకోవలసింది వేరొకటి ఉంది: ఇప్పుడే బయలుదేరాలా, ఈరోజే చూపించుకోవాలా, ఈ వారంలో వెళ్తే సరిపోతుందా? ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి, ఎంచుకున్నాక వరుసగా ఏం చేయాలో తెలుసుకోవడానికి ఈ మార్గదర్శి.

ఇప్పుడే నొప్పి ఉండి ఇది చదువుతున్నట్లయితే నేరుగా మూడో భాగానికి వెళ్లండి.

1. నొప్పి రాకముందే సిద్ధంగా ఉంచుకోవలసినవి

నలభై దాటినవారు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారు, పొగతాగేవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ఇంట్లో ఉంటే ఈ ఏర్పాట్లను ఒక ఆదివారం కూర్చుని పూర్తి చేసుకోవడం మంచిది.

- ఇంటికి దగ్గరలో రాత్రిపూట కూడా ఈసీజీ తీసే ఆసుపత్రి ఏది?
- ఇరవైనాలుగు గంటలూ యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే చికిత్స) చేసే క్యాథ్‌ల్యాబ్ ఎక్కడ ఉంది? బోర్డు మీద గుండె బొమ్మ ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్ తెరిచి ఉంటుందని అనుకోవద్దు. పగటిపూట ఫోన్ చేసి అడిగి ఉంచుకోండి.
- 108, 112 నంబర్లు ఇంట్లో పిల్లలకు, వృద్ధులకు, పనిమనిషికి కూడా తెలుసా?
- వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, పడని మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఉన్నాయా?
- ఆధార్, తెలంగాణలో ఆరోగ్యశ్రీకి లేదా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవకు కావలసిన కార్డు, ఉంటే బీమా కార్డు ఒకేచోట ఉన్నాయా?
- ఆస్పిరిన్ ఇంట్లో ఉంచుకోవచ్చా అని మీ వైద్యుణ్ణి ముందే అడిగారా?

వీటితోపాటు పాత ఈసీజీ ఒకటి తప్పకుండా ఉండాలి. కొత్త ఈసీజీలో కనిపించే మార్పు ఈరోజు వచ్చిందా, ఏళ్లుగా ఉన్నదా అన్నది వైద్యుడికి పాతదానితో పోల్చినప్పుడే తెలుస్తుంది. అయితే ఈసీజీ తీసే కాగితం వేడికి రంగు మారే రకం. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచిన కాగితం రెండు మూడేళ్లకు గీతలు వెలిసిపోయి తెల్లగా మిగలవచ్చు. తీయించిన రోజే జెరాక్స్ తీయించి, ఫోన్‌లో స్పష్టంగా ఫొటో తీసి, ఆ ఫొటోను కుటుంబంలో మరొకరికి కూడా పంపి ఉంచండి.

2. నొప్పి మొదలవగానే మొదటి ఐదు నిమిషాలు

1. చేస్తున్న పని ఆపండి. మెట్లు ఎక్కుతుంటే అక్కడే కూర్చోండి. బండి నడుపుతుంటే పక్కకు ఆపండి.
2. వీపుకు ఆనుకుని, మోకాళ్లు కాస్త మడిచి కూర్చోండి. బిగుతుగా ఉన్న దుస్తులు వదులు చేసుకోండి.
3. గడియారం చూసి, నొప్పి మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిలో చికిత్స నిర్ణయాలు ఈ సమయం మీద ఆధారపడతాయి.
4. పక్కవారికి చెప్పండి. ఒంటరిగా ఉంటే తలుపు గడియ తీసి ఉంచి, ఎవరికైనా ఫోన్ చేయండి.
5. ఎక్కడ నొప్పి, ఎటు పాకుతోంది, ఎలా ఉంది, తోడుగా ఇంకేం ఉన్నాయి అన్న నాలుగింటిని మనసులో చూసుకోండి.

‘ఎవరినీ కంగారు పెట్టడం ఎందుకు’ అని చెప్పకుండా వెళ్లి పడుకోవడం, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకోవడం ఈ ఐదు నిమిషాల్లో చేయకూడని పనులు. లోపల స్పృహ తప్పితే తలుపు పగలగొట్టి బయటికి తీసుకురావడానికే అమూల్యమైన నిమిషాలు పోతాయి.

3. వెంటనే 108కు ఫోన్ చేయవలసిన లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగి చూడకండి.

- ఛాతీ మధ్యలో పట్టేసినట్టు, బిగదీసినట్టు, బరువు పెట్టినట్టు ఉండి, కూర్చున్నా ఐదు నిమిషాల్లో తగ్గకపోవడం, లేదా తగ్గి మళ్లీ మళ్లీ రావడం
- నొప్పి ఎడమ చేతికి, రెండు చేతులకు, భుజానికి, మెడకు, దవడకు, వీపుకు పాకడం
- నొప్పితోపాటు చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం
- ఒక్కసారిగా మొదలై వీపులోకి చీల్చుకుపోతున్నట్టు ఉండే తీవ్రమైన నొప్పి
- ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, ముఖ్యంగా ఇటీవల ఆపరేషన్ అయినవారిలో, ప్రసవం అయినవారిలో, చాలాకాలం మంచం మీద ఉన్నవారిలో, సుదీర్ఘ ప్రయాణం చేసినవారిలో, ఒక కాలి పిక్క వాచినవారిలో
- పెదాలు నీలిరంగుకు తిరగడం, మాట తడబడటం, దగ్గులో రక్తం పడటం
- గతంలో స్టెంట్ వేయించుకున్నవారికి, బైపాస్ అయినవారికి అప్పటి నొప్పిలాంటిదే మళ్లీ రావడం

నాలుగో లక్షణం గుండె నుంచి బయలుదేరే మహాధమని గోడ చీలడం వల్ల, ఐదోది ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల రావచ్చు. సన్నగా పొడుగ్గా ఉండే యువకుల్లో ఒక పక్క అకస్మాత్తుగా గుచ్చినట్టు నొప్పి వచ్చి ఆయాసపడుతుంటే, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయి ఉండవచ్చు. గుండెపోటు కాకపోయినా ఈ మూడూ ప్రాణాంతకాలే కాబట్టి, ‘గుండెకు సంబంధించింది కాదులే’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

4. నొప్పి లేకుండా వచ్చే గుండెపోటు

ఛాతీని పిడికిలితో పట్టుకుని కూలబడటం అనేది అందరిలోనూ జరగదు. చాలాకాలంగా షుగర్ ఉన్నవారిలో నరాల స్పర్శ మందగించడం వల్ల నొప్పి తెలియకపోవచ్చు. వృద్ధుల్లో, స్త్రీలలో కూడా నొప్పి స్వల్పంగానే ఉండి, మిగతా లక్షణాలే ముందుకు వస్తుంటాయి. రెండు అడుగులు వేస్తే ఆయాసం, ఎన్నడూ లేని నిస్సత్తువ, పొట్ట పైభాగంలో బరువు, వాంతి వచ్చేటట్టు ఉండటం, దవడ లాగడం, రెండు భుజాల మధ్య నొప్పి, కారణం లేకుండా ఒళ్లంతా చెమట పట్టడం వంటివి వీరిలో గుండెపోటుకు సూచనలు కావచ్చు.

ఇంట్లో ఆడవాళ్ల విషయంలో ఆలస్యం మరీ ఎక్కువ. వంటపని ముగించాక చూద్దామని, పిల్లల్ని బడికి పంపాక వెళ్దామని ఆమే వాయిదా వేస్తుంది. ఇంట్లోవాళ్లు అలసట అనుకుంటారు. రోజూ అవలీలగా చేసే పనికి ఈరోజు మధ్యలో ఆగి కూర్చోవలసి వచ్చిందంటే, దాన్ని లక్షణంగానే లెక్కించాలి.

5. అంబులెన్స్ వచ్చేలోగా

ఫోన్‌లో ముందుగా ‘ఛాతీ నొప్పి’ అన్న మాట చెప్పి, ఆ తర్వాత వయసు, ఊరు, వీధి, గుర్తుగా ఉండే గుడి గానీ బడి గానీ చెప్పండి. ఒకరు వీధి మొగదలకు వెళ్లి నిలబడితే వాహనం దారి వెతుక్కునే పని తప్పుతుంది.

రోగి నడవకూడదు. మెట్లు దిగకూడదు. బైక్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం, రోగే కారు నడుపుకుంటూ వెళ్లడం ప్రమాదం. అంబులెన్స్ రావడానికి చాలా సమయం పడుతుందని తెలిస్తే మరొకరు నడిపే కారులోనో ఆటోలోనో, వెంట ఒకరు కూర్చుని, ఈసీజీ ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆస్పిరిన్: గుండెపోటు అనుమానం బలంగా ఉండి, పెద్దలై, స్పృహలో ఉండి, ఆస్పిరిన్ పడని తత్వం లేకపోతే, 300 నుంచి 325 మిల్లీగ్రాముల వరకు నమిలి మింగవచ్చు. ఫోన్‌లో ఉన్న 108 సిబ్బందిని గానీ వైద్యుణ్ణి గానీ అడిగి వేసుకోవడం ఉత్తమం. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎకోస్ప్రిన్ మాత్రకు కడుపులో ఆలస్యంగా కరిగే పూత ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే మింగితే పని చేయడానికి సమయం పడుతుంది. అందుకే నమలాలి. కడుపులో రక్తస్రావమయ్యే పుండు ఉన్నవారు, మెదడులో రక్తస్రావం జరిగినవారు, డెంగీ అనుమానం ఉన్నవారు, వీపులోకి చీల్చుకుపోయే నొప్పి ఉన్నవారు వేసుకోకూడదు.

సార్బిట్రేట్: గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే ఈ మాత్రను పక్కింటివారి డబ్బాలోంచి తెచ్చి వేయడం మన కాలనీల్లో మామూలైపోయింది. ఇది బీపీని ఒక్కసారిగా తగ్గిస్తుంది. ఇప్పటికే బీపీ పడిపోయి ఉన్న రోగికి వేస్తే స్పృహ తప్పవచ్చు. లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్‌ను గత 24 గంటల్లో, టాడాలాఫిల్‌ను గత 48 గంటల్లో వేసుకున్నవారికి ఇది ప్రాణాపాయం. ఆ మాత్రల సంగతి భార్యాబిడ్డల ముందు చెప్పడానికి మొహమాటపడతారు కాబట్టి, రోగిని ఒంటరిగా అడగడం మేలు. మీ పేరు మీద వైద్యుడు రాసి ఇచ్చి ఉంటేనే, ఆయన చెప్పిన పద్ధతిలో, కూర్చుని వేసుకోండి.

రోగి కుప్పకూలితే: భుజం తట్టి పిలవండి. పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అరచేతి మణికట్టు వైపు భాగాన్ని ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఆనించి, రెండో చేతిని దానిమీద పెట్టి, మోచేతులు వంచకుండా, ఐదారు సెంటీమీటర్ల లోతుకు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే మరొకరు అందుకోవాలి, నొక్కడం మాత్రం ఆగకూడదు. రైల్వే స్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో ఏఈడీ పెట్టె (ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) కనిపిస్తే తెప్పించి, అది చెప్పినట్టు చేయండి.

6. ఆసుపత్రికి చేరాక

క్యాజువాలిటీ దగ్గర ఓపీ చీటీ వరుసలో నిలబడకండి. ‘ఛాతీ నొప్పి, ఫలానా సమయానికి మొదలైంది, ముందు ఈసీజీ తీయండి’ అని స్పష్టంగా చెప్పండి. రోగి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి వైద్యుడు చూడాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంతమాత్రాన ఇంటికి బయలుదేరకూడదు. గుండెపోటు మొదటి దశలో అది మామూలుగానే కనిపించవచ్చు. నొప్పి కొనసాగుతుంటే కొద్దిసేపటికి మళ్లీ తీస్తారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ట్రోపోనిన్ కూడా వెంటనే పెరగదు. అందుకే ఒకటి నుంచి ఆరు గంటల వ్యవధిలో, ఆసుపత్రిలో ఉన్న పరీక్ష రకాన్ని బట్టి, రెండోసారి రక్తం తీస్తారు. ‘ఒకసారి చేశారు కదా, బిల్లు కోసం మళ్లీ చేస్తున్నారు’ అని తగవు పెట్టుకోవలసిన చోటు ఇది కాదు.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు అని తేలితే రెండు దారులుంటాయి. దాదాపు రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేయగలిగే వీలుంటే అదే మేలు. వీలు లేనప్పుడు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. నొప్పి మొదలైన 12 గంటల వరకు ఆ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు గానీ, తొలి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడే దాని ఫలితం బాగుంటుంది. సరిగ్గా ఈ ఘట్టంలోనే మన కుటుంబాల్లో ‘పెద్దబావగారు వచ్చాక సంతకం పెడదాం’, ‘హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుగారికి వాట్సాప్ చేశాం, ఆయన చూడాలి’ అంటూ గంట గడిచిపోతుంది. రెండో అభిప్రాయం అడగడం తప్పు కాదు, కానీ దానికి పదినిమిషాలకు మించి ఇవ్వకండి.

వైద్యుణ్ణి అడగవలసినవి:

- ఈసీజీ పాతదానితో పోలిస్తే మారిందా?
- ట్రోపోనిన్ రెండోసారి ఎప్పుడు చేస్తారు?
- ఇక్కడ యాంజియోప్లాస్టీ చేస్తారా, పంపిస్తారా? పంపితే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి పంపుతారా?
- ఇంటికి పంపితే ఏ లక్షణం కనిపించగానే తిరిగి రావాలి?

7. ఈరోజే చూపించుకోవలసినవి, ఈ వారంలో చూపించుకోవలసినవి

మూడో భాగంలోని లక్షణాలేవీ లేకపోతేనే ఈ విభజన వర్తిస్తుంది. ఎటూ తేలని సందేహం ఉంటే ఒక మెట్టు పైదాన్నే ఎంచుకోండి.

ఈరోజే:

- జ్వరం, దగ్గు, కళ్లెతోపాటు ఊపిరి పీల్చినప్పుడు ఒక పక్క పొడిచినట్టు నొప్పి
- పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి
- గత ఒకటి రెండు రోజుల్లో వచ్చి, ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిన బిగుతు నొప్పి
- నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి కొత్తగా మొదలవడం, లేదా మునుపటికంటే తక్కువ దూరానికే రావడం
- ఛాతీకి ఒక పక్క పట్టీలా మంట, దానిమీద నీటి పొక్కులు. సర్పికి మందు పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది

ఈ వారంలో:

- వేలితో చూపించగలిగే చిన్న చోట, నొక్కితే ఎక్కువయ్యే నొప్పి
- భోజనం తర్వాత, వంగినప్పుడు, పడుకున్నప్పుడు వచ్చే మంట, పులితేన్పులు
- బరువులు ఎత్తిన తర్వాత, కొత్తగా జిమ్‌లో చేరిన తర్వాత కదిలితే వచ్చే నొప్పి
- రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడంతో కూడిన నొప్పి. దీనికి ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితం

8. గుండె జబ్బు కాదని తేలాక కారణాన్ని వెతకడం

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. రిపోర్టులన్నీ బాగున్నాయని చెప్పి పంపేస్తారు, నొప్పి మాత్రం పోదు. అప్పుడు బాగా పనికొచ్చే సాధనం నొప్పి డైరీ. ఒక నోటుపుస్తకంలో రెండు మూడు వారాలు కింది అంశాలు రాయండి.

- తేదీ, మొదలైన సమయం, ఎంతసేపు ఉంది
- అప్పుడు చేస్తున్న పని, తిన్నది, తిని ఎంతసేపయింది
- చోటు, తీరు, పదికి ఎంత తీవ్రత
- దేనితో తగ్గింది, దేనితో పెరిగింది
- ఆరోజు నిద్ర, ఆందోళన ఎలా ఉన్నాయి

ఒక నమూనా నమోదు ఇలా ఉంటుంది: ‘మంగళవారం, రాత్రి 11. పెరుగన్నం, ఆవకాయ తిని పదిన్నరకు పడుకున్నాను. రొమ్ము ఎముక వెనక మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. లేచి కూర్చుంటే ఇరవై నిమిషాల్లో తగ్గింది. తీవ్రత 4.’ ఇలాంటివి వరుసగా పది ఉంటే వైద్యుడి అనుమానం అన్నవాహిక వైపు మళ్లుతుంది. గుండెకు సంబంధం లేని ఛాతీ నొప్పుల్లో ఆమ్లం పైకి ఎగదన్నడం చాలా సాధారణమైన కారణం. పాంటోప్రజోల్ వంటి మాత్రను అల్పాహారానికి అరగంట ముందు, వైద్యుడు చెప్పినన్ని వారాలు క్రమంగా వాడి చూడాలి. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి వేసుకుంటే ఏమీ తేలదు. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉంచడం, మంచం తలవైపు కాళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచడం కూడా చికిత్సలో భాగమే.

పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట వాపు వల్ల వచ్చే నొప్పి వారాల తరబడి ఉండి తగ్గుతుంది. కొవ్వు పదార్థాలు తిన్నాక కుడి డొక్కలో మొదలై కుడి రెక్కలోకి పోతుంటే పిత్తాశయంలో రాళ్లకు స్కానింగ్ చేయించాలి. ఆయాసం, గుండెదడ ఉన్న స్త్రీలలో హిమోగ్లోబిన్ చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. ఆందోళన వల్ల వచ్చే నొప్పి దాదాపు పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, వేళ్లు తిమ్మిరెక్కడం, చచ్చిపోతానేమోనన్న భయం వెంట తెస్తుంది. అది నిజమైన బాధే, దానికి నిజమైన చికిత్స ఉంది. కానీ తొలిసారి వచ్చినప్పుడు ‘టెన్షన్ వల్లే’ అని ఎవరికి వారు తీర్పు చెప్పుకోకూడదు, ఈసీజీ తర్వాతే ఆ మాట.

అవసరాన్ని బట్టి ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష, సీటీ యాంజియో, ఛాతీ ఎక్స్‌రే, ఎండోస్కోపీ రాస్తారు. ఇవన్నీ అందరికీ అక్కర్లేదు. నొప్పి ఉండగా ట్రెడ్‌మిల్ పరీక్షకు ఒప్పుకోవద్దు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

ఈనో తాగితే తగ్గింది కాబట్టి గ్యాసే అనుకోవడం. గుండె నొప్పి దానంతటదే కాసేపు తగ్గుతుంది, తేన్పు అదే సమయానికి రావచ్చు. తగ్గినా ఆరోజే ఈసీజీ తీయించండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం. నొప్పి మందగించి రాత్రంతా గడిచిపోతుంది. పైగా కండరంలోకి ఇంజెక్షన్ చేసిన చోట, తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే రక్తస్రావం కావచ్చు. ఇప్పటికే వేయించుకుని ఉంటే ఆ సంగతి దాచకుండా ఆసుపత్రిలో చెప్పండి.

గట్టిగా దగ్గితే గుండె ఆగదని నమ్మడం. వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న ఈ సలహాను ఇంట్లో ఒంటరిగా ఉన్నవారు పాటించడం వల్ల ఉపయోగం లేదు. ఆ ఊపిరిని 108కు ఫోన్ చేయడానికి వాడండి.

‘ముప్పై ఏళ్లవాడికి గుండెపోటేమిటి’ అనడం. వయసు తక్కువైతే అవకాశం తగ్గుతుంది గానీ పోదు. పొగ, గుట్కా, షుగర్ ఉంటే మరీనూ.

తెల్లవారేదాకా ఆగడం. అర్ధరాత్రి ఈసీజీ మామూలుగా వచ్చి తిరిగి రావడం వల్ల పోయేది ఒక నిద్ర, కొంత డబ్బు.

స్టెంట్ వేయించుకుని బాగానే ఉందని మాత్రలు మానేయడం. పన్ను పీకించుకోవడానికి కూడా రక్తం పలుచబరిచే మందులను గుండె వైద్యుణ్ణి అడగకుండా ఆపకూడదు.

విదేశంలో బిల్లుకు భయపడి దాచడం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఈ పని చేస్తుంటారు. వారు అక్కడికి వచ్చిన రోజే ప్రయాణ బీమా కాగితం, అత్యవసర నంబరు వారి చేతికి ఇవ్వండి. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఎమిరేట్స్‌లో అంబులెన్స్‌కు 998, సౌదీలో 997. నొప్పి ఉంటే ఆ సంగతి చెప్పమని ముందే ఒట్టు వేయించుకున్నా తప్పులేదు.

10. ఇంటికి వచ్చాక నొప్పి మళ్లీ వస్తే

డిశ్చార్జి కాగితం, ఈసీజీ ఫొటో, డైరీ ఒకేచోట ఉంచండి. మునుపటి తీరులోనే, అంతే తీవ్రతతో, అంతేసేపు వస్తే వైద్యుడు చెప్పిన పద్ధతి పాటించి, తర్వాతి అపాయింట్‌మెంట్‌లో చూపించండి. తీరు మారితే, అంటే మునుపు మంటగా ఉన్నది ఇప్పుడు బిగుతుగా మారినా, పడుకున్నప్పుడు వచ్చేది నడిచినప్పుడు వస్తున్నా, చెమటో ఆయాసమో కొత్తగా తోడైనా, పోయిన నెల రిపోర్టులు బాగున్నాయన్న మాట పక్కనపెట్టి, ఇది మొదటిసారి వచ్చిన నొప్పి అన్నట్టే రెండో భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.